నిటారుగా వేలాడిన తాళంచెవి

పొద్దున ఎనిమిదింటికి షట్టర్ పైకి తోయగానే తాళాలక్క చేసే మొదటి పని గోడ చూడటం. ఊడవడం, బల్ల తుడవడం, టీ చెప్పడం అన్నీ ఆ తర్వాతే. దుకాణం ఎంతో కాదు, కూర్చుని చేతులు చాపితే అటు గోడా ఇటు గోడా తగులుతాయి. ఒక పక్క గడియారాలు బాగుచేసే ఆయన, ఇంకో పక్క జిరాక్స్ ఆయన. ఎదురుగోడకి నీలం రంగు చెక్క, దాని మీద ఏడు వరసల మేకులు, మేకుకో తాళంచెవి, ఊరివాళ్ళు దాచమని ఇచ్చి ఉంచినవి.

ఆ తాళంచెవులు ఏవీ తిన్నగా వేలాడవు. ఏ తాళంచెవి తాళం ఎక్కడుంటే అది అటు వాలి ఉంటుంది. బడి వెనక ఇంటిది బడి వైపు, గోదాముది గోదాము వైపు. దీని గురించి ఆ ఊళ్ళో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. పొద్దున పూట నీడ పడమటికి ఎందుకు పడుతోందని ఎవరైనా అడుగుతారా? ఇదీ అంతే. సైకిల్ పోయినవాడు తాళంచెవి పట్టుకుని పరిగెత్తుకొస్తే అక్క దాన్ని మేకుకి తగిలించి, "కూరగాయల మార్కెట్ వెనకాల చూడండి, ఇంకా దూరం పోలేదు" అంటుంది. ఆఫీసు పని మీద క్యాంపుకెళ్ళానన్న మొగుడి స్కూటర్ తాళంచెవి పేకాట క్లబ్బు వైపు వాలిందంటే, ఆ ఇల్లాలు ఇంక ఏమీ అడక్కుండానే కొంగు బిగించి బయల్దేరుతుంది.

జేబులో ఉన్నా అంతే. లాగుడు కొంచెమే, కానీ ఉంటుంది. గడియారాలాయన సెలవు రోజున పార్కుకని బయల్దేరి దుకాణం ముందు తేలడం ఎన్నిసార్లో! అందుకే ఆ ఊళ్ళో సెలవొస్తే తాళంచెవులు ఇంట్లో పెట్టి తిరుగుతారు.

ఎప్పుడైనా ఒకటి నిటారుగా, దారానికి కట్టిన రాయిలా వేలాడితే మాత్రం దాని తాళం ఈ లోకంలో లేదని అర్థం. కాలిపోయిన ఇంటిదో, తుక్కులో కరిగించిన బీరువాదో అయ్యుంటుంది. లేదంటే ఇంకా తయారుకాని తలుపుది.

అక్కకి ఒక అన్నయ్య. ఇరవై రెండేళ్ళుగా డ్రైవరు. పళ్ళ డాక్టరుగారి కారు, కాంట్రాక్టరుగారి కారు, ఎవరు పిలిస్తే వాళ్ళ కారు. రోజూ పొద్దున చెల్లెలి దుకాణానికొచ్చి, ఆ రోజు నడపబోయే కారు తాళంచెవి బల్ల మీద పెట్టి, టీ తాగి పోతాడు.

"ఇవాళ ఎవరిది అన్నయ్యా?"

"పళ్ళ డాక్టరుది. బ్రేకు వేస్తే ఆయన పళ్ళు కొరుకుతాడు, ఏం డాక్టరో!"

"మరి నీదెప్పుడు?"

"వస్తుంది చెల్లాయ్. ఆ చివరి మేకు ఎవరికీ ఇవ్వకు, నాకోసం ఉంచు."

ఏడో వరసలో చివరి మేకు అలా ఖాళీగానే ఉండేది. సొంత కారు కోసం అన్నయ్య పన్నెండేళ్ళుగా దాస్తున్నాడు. సిగరెట్ మానేశాడు, సినిమా మానేశాడు, చెప్పులకి మూడోసారి అట్ట వేయించాడు. ఇంకో రెండేళ్ళలో సెకండ్ హ్యాండ్‌దైనా ఒకటి కొనేసేవాడే.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం దుకాణం ముందు ఎర్ర కారు ఆగింది. దిగినాయన అంత ఎండలోనూ కోటు వేసుకుని ఉన్నాడు. తర్వాత ఊరంతా అతన్ని కోటుబాబు అన్నారు, ఇంకా చాలా అన్నారు, అవి ఇక్కడ రాయడానికి వీల్లేదు.

"అమ్మా, ఇదే ఆకారంలో రెండు వందల నలభై కావాలి," అంటూ కారు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "పళ్ళు దీనివి కాదు సుమా. ఉత్తినే నాలుగు గీతలు గీయండి, చూడ్డానికి తాళంచెవిలా ఉంటే చాలు. లోతుగా కోయకండి, టైము వృథా."

"ఏ తాళానికండీ?"

"ఆ తాళం ఇంకా రాలేదు. వస్తుంది. ఇది ప్రచారం కోసమమ్మా. దీనికి మాత్రం నిజం డూప్లికేట్ ఒకటి చెయ్యండి, కారుకి ఉన్నది ఈ ఒక్కటే." గోడ వైపు చూసి నవ్వాడు. "బోర్డు వంకరగా కొట్టించుకున్నట్టున్నారు. తాళంచెవులన్నీ పక్కకి పోతున్నాయి."

"గాలికండీ," అంది అక్క. ఫ్యాను ఆగే ఉంది. పైఊరి వాళ్ళకి ఇంతకంటే చెప్పే అలవాటు లేదు.

తన బల్ల మీదికొచ్చిన ప్రతి తాళంచెవికీ పళ్ళ లోతులు కొలిచి నల్ల అట్ట పుస్తకంలో రాసుకోవడం ఆమెకి నాన్న నేర్పిన పద్ధతి. ఆ కారుదీ రాసుకుంది. కోటుబాబు బేరం ఆడలేదు, కూలి మొత్తం ముందే ఇచ్చాడు. నాలుగు రోజుల్లో రెండు వందల నలభై ఇత్తడి తాళంచెవులు తయారయ్యాయి. సంచిలో పోసేముందు నమూనాకి ఒకదాన్ని మేకుకి తగిలించింది.

నిటారుగా వేలాడింది.

ఆకురాయి చేతిలో పట్టుకుని అక్క ఒక నిమిషం దాని వంకే చూసింది. 'ఇంకా రాని తాళానిది కదా, అందుకే' అనుకుంది. అనుకుని, తీసి సంచిలో వేసేసింది. కోటుబాబు సంచి పట్టుకెళ్ళాడు. డూప్లికేట్‌ని ఇంకా నున్నగా చెయ్యడం మిగిలి ఉంటే, "రేపొచ్చి తీసుకుంటా" అన్నాడు. రాలేదు. అది ఆరో వరసలో పెద్ద షాపింగ్ కాంప్లెక్స్ వైపు వాలి వేలాడుతూ ఉండిపోయింది.

కారు అక్కడే ఉంది మరి. కాంప్లెక్స్ ముందు పందిరి, పందిరి కింద ఎర్ర కారు, కారు మీద దుప్పటంత రిబ్బను. "కారు గెలవండి!" అని మైకు. పక్కన గాజుపెట్టె. కూపన్ నింపి అందులో వేసేవాళ్ళ వరస వీధి మలుపు దాకా సాగింది.

ఆ వరసలోకి పోటీల పిన్ని వెళ్ళింది. ఈవిడ అక్కకీ అన్నయ్యకీ సొంత పిన్ని. ముప్పై ఏళ్ళుగా సబ్బు పోటీ, టీపొడి పోటీ, పత్రిక పోటీ ఏదీ వదల్లేదు. గోడ గడియారం, ఫ్లాస్కు, మడత కుర్చీ, ఒకసారి సైకిలు గెలుచుకుంది. ఆవిడ ఇంట్లో డబ్బు పెట్టి కొన్న గొడుగు ఒక్కటి కూడా లేదు.

గంట తర్వాత పిన్ని ఆ కూపన్‌ని మడిచి సంచిలో పెట్టుకుని తాళాల దుకాణానికి వచ్చింది. అన్నయ్య అప్పుడే టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"నేను వెయ్యలేదే అమ్మాయ్! ఈ పోటీ ఎవరు పెట్టారు నాయనా, కంపెనీ పేరేదీ, చిరునామా ఏదీ అన్నాను. 'పైనుంచి వచ్చిందమ్మా' అన్నాడు. పైనుంచి వానొస్తుంది గానీ కారు రాదురా అన్నాను. నియమాల కాగితం చూపించు, చివరి తేదీ చెప్పు, గెలిచినవాడి పేరు ఎక్కడ ప్రకటిస్తావో చెప్పు అంటే నవ్వుతాడు! పైగా జీతమెంత, బ్యాంకు ఏది, అన్నీ రాయాలట. కారిచ్చేవాడికి నా బ్యాంకుతో ఏం పని?"

"మరి నియమాలేమీ లేవా పిన్నీ?" అన్నాడు అన్నయ్య, గ్లాసులోకి చూస్తూ.

"వెనకాల ఒక్క ముక్క ఉంది. 'ఏ తాళంచెవితో ఈ కారు స్టార్ట్ అవుతుందో ఆ తాళంచెవి తెచ్చినవారిదే కారు.' అంతే! నేను పక్క వీధిలో ఆ కంపెనీ షోరూముకెళ్ళి అడిగాను కూడాను. మాకేం తెలీదమ్మా అన్నారు. ఒరేయ్, ఒక్కటి గుర్తుపెట్టుకో. నేను ఇన్ని గెలిచాను గదా, గెలిచాక ఇంత కట్టమని ఎవడూ అడగలేదు. పన్నంటూ ఉంటే మన చేత్తో మనం గవర్నమెంటుకి కట్టుకుంటాం, కోటు జేబులో పెట్టం."

అక్క ఆకురాయి పక్కన పెట్టింది. "ఆ తాళంచెవులు చేసింది నేనే పిన్నీ. అన్నీ ఉత్తివే. కానీ నిజంది కూడా ఒకటి చేయించాడు. అదిగో, గోడ మీదే ఉంది. వచ్చి తీసుకెళ్ళి అందులో కలుపుతాడేమో. అప్పుడు పోటీ నిజమే కదా."

చూశారా, ఎంత చిన్న మాటో! చేసిన పని మీద మంచి అభిప్రాయం ఉండటం తప్పా? అన్నయ్య మాత్రం ఆ మాట విని గోడ మీది డూప్లికేట్ వంక చాలాసేపు చూశాడు. అతను కూపన్ అప్పటికే వేసేశాడు. పిన్ని నవ్వుతుందని చెప్పలేదు.

పది రోజులకి అతనికి కవరు వచ్చింది. లోపల ఇత్తడి తాళంచెవి, ఉత్తరం. వేలమందిలో మీరు ఎంపికయ్యారు, పన్నూ రవాణా ఖర్చూ మూడు రోజుల్లో చెల్లించండి, లైసెన్సూ గుర్తింపు కార్డూ జిరాక్స్ పంపండి, ఆదివారం పొద్దున పది గంటలకి ఆట మైదానానికి రండి, అంతవరకూ ఎవరికీ చెప్పవద్దు అని ఉంది.

చెప్పవద్దన్నారు కాబట్టి చెప్పలేదు. తాళంచెవిని ఇంట్లో మేకుకి తగిలించి చూశాడు. నిటారుగా వేలాడింది. ఉఫ్ అని ఊదాడు. కదిలింది. చాలనుకుని జేబులో వేసుకున్నాడు. నిజంది ఒకటి ఉందని చెల్లెలే చెప్పింది కదా! అది ఇంకా ఆమె గోడ మీదే ఉందన్న సంగతి మాత్రం తలుచుకోలేదు. పన్నెండేళ్ళ డబ్బూ తీసి కట్టేశాడు.

ఆదివారం పది గంటలకి ఆట మైదానంలో ఉతికిన చొక్కాలు వేసుకున్న రెండు వందల నలభై మంది, చేతిలో తలా ఒక తాళంచెవితో, ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు. కారు లేదు. పందిరి లేదు. ఫోను మోగలేదు. పదకొండింటికి ఎవరో పెద్దావిడ గడ్డిలో కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది.

అన్నయ్య తాళంచెవిని తిప్పి చూశాడు. తల దగ్గర అరచంద్రంలా చిన్న నొక్కు. చెల్లెలు పని అయ్యాక వేసే గుర్తు అది. తిన్నగా దుకాణానికొచ్చి దాన్ని బల్ల మీద పడేశాడు. అది బల్ల మీద రెండుసార్లు ఎగిరి ఆగింది.

"నిజంది ఉందన్నావు," అన్నాడు.

అంతే, వెళ్ళిపోయాడు. మర్నాడు టీకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఎదురుపడితే పక్క వీధిలోకి తిరిగేవాడు.

మిగతావాళ్ళు మాత్రం వచ్చారు. "నువ్వు చేసినవేగా!", "ఎంతిచ్చాడేంటి నీ వాటా?", "మా ఇంటి తాళంచెవి మాకిచ్చెయ్, నీ దగ్గర ఉంచం!" అన్నారు. సాయంత్రానికి గోడ మీద సగం మేకులు ఖాళీ అయ్యాయి. జిరాక్స్ ఆయన అడ్డుపడి, "వాడి ఉత్తరాలు కాపీ తీసింది నేను, నన్నూ తిట్టండి" అంటే ఆయన్నీ తిట్టారు, మొహమాటం లేకుండా.

అక్క షట్టర్ సగం దించింది. అన్నయ్య పడేసిన తాళంచెవిని మేకుకి తగిలించింది. నిటారుగా ఉంది. ఆ నిటారు గీత ఆమె కళ్ళలో సూదిలా దిగింది. మొదటి రోజు ఏడుపొచ్చింది. రెండో రోజు రాలేదు. మూడో రోజుకి ఛాతీలో ఏదో గట్టిపడింది, పోతపోసిన ఇత్తడిలాగా. అన్నం సయించలేదు గానీ చేతులకి ఎక్కడలేని బలం వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ దుకాణానికొచ్చి ఫిర్యాదు రాసుకుని, "వాడెక్కడున్నాడో తెలిస్తే పట్టుకోవడం ఎంతసేపమ్మా?" అన్నాడు.

అక్క గోడ వైపు చూసింది. ఆరో వరసలో, తీసుకెళ్ళని డూప్లికేట్ ఇప్పుడు తూర్పుకి వాలి ఉంది. వాలు కొంచెమే. అంటే కారు దూరంగా ఉంది.

"పది రోజులాగండి సార్, నేనే చెప్తాను."

పిన్నికి కోపం వచ్చింది. "తూర్పని ఇప్పుడే చెప్పెయ్యరాదటే? పట్టుకొస్తారు."

"పట్టుకొస్తే ఏమంటాడు పిన్నీ? పొరపాటు జరిగింది, ఏజెంటు మోసం చేశాడంటాడు. నాలుగు రోజుల్లో బయటికొస్తాడు. నాకది చాలదు. వాడు ఊరందరి ముందు మైకులో ఒక మాటన్నాడు, కూపన్ వెనకా అదే రాశాడు. ఆ మాటని వాడి గొంతులోనే అడ్డం పడెయ్యాలి. మింగలేక కక్కలేక చావాలి." ఒక్క క్షణం ఆగి నెమ్మదిగా అంది. "లోతుగా కోయకండి అన్నాడు పిన్నీ, వెధవ. ఇత్తడంతా అలాగే మిగిలుంది."

పిన్ని కొంగు దోపుకుంది. తర్వాత తను గెలిచిన సైకిలెక్కి ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరింది.

జనం తాళంచెవులు తెచ్చారు. కొందరు విసిరారు. "తిట్లు తర్వాత పెట్టుకుందాం, ముందది ఇలా ఇవ్వండి," అంది అక్క. నల్ల అట్ట పుస్తకం తెరిచి ఎర్ర కారు పళ్ళ లోతులు ముందు పెట్టుకుంది. ఒక్కో తాళంచెవినీ పట్టకారులో బిగించి ఆకురాయి వేసింది. ఇది మా అన్నయ్య మానేసిన సిగరెట్టుకి, ఇది మూడోసారి అట్ట వేసిన చెప్పుకి, ఇది గడ్డిలో కూర్చున్న ఆవిడకి, ఇది మా నాన్న నేర్పిన పనిని నువ్వు వాడుకున్నందుకు. పైకి ఒక్క మాట అనలేదు. ఆకురాయే అంది, గర్రుమని. పక్క దుకాణంలో గడియారాలాయన చెవుల్లో దూది పెట్టుకున్నాడు గానీ ఆపమనలేదు.

ఆఖరి గీత పడగానే తాళంచెవి పట్టకారులో ఉండగానే తూర్పుకి తల తిప్పేది. అప్పుడు ఆమె దాన్ని విప్పి, అరచంద్రం పక్కన ఇంకో అరచంద్రం నొక్కి, తర్వాతది బిగించేది. తొమ్మిది రోజులు పట్టింది. అన్నిటికంటే చివర అన్నయ్యది చేసింది. పిన్ని చేతికిచ్చి పంపింది.

అన్నయ్య ఆ రోజు పళ్ళ డాక్టరుగారి కారులో కూర్చుని దాన్ని అద్దానికి వేలాడదీశాడు. అది తిన్నగా తూర్పుకి వాలింది. ఈసారి ఊదలేదు. చాలాసేపు చూసి, ఆ సాయంత్రమే వెళ్ళి బస్సు మాట్లాడుకొచ్చాడు.

బస్సులో అరవై మంది ఎక్కారు. మిగతావాళ్ళ తాళంచెవులు బుట్టలో పోసి పిన్ని ఒళ్ళో పెట్టుకుంది. అన్నీ కలిసి లాగుతుంటే బుట్ట మాటిమాటికీ ముందు సీటుకి గుద్దుకునేది. సెలవు పెట్టి మామూలు చొక్కాలో వచ్చిన ఇన్‌స్పెక్టర్ వెనక సీట్లో కూర్చున్నాడు. నడిపేది అన్నయ్య. అద్దానికి వేలాడే తాళంచెవి ఎటంటే బస్సు అటు.

"పిన్నీ, మీ అమ్మాయిని కిటికీ వేసుకోమను. దుమ్ము."

"నీ వెనకే ఉంది కదరా, నువ్వే చెప్పు."

"నేను బండి నడుపుతున్నాను."

"నోటితో నడుపుతున్నావా?"

అన్నయ్య గేరు మార్చాడు. అక్క కిటికీ వేసుకుంది.

పదిన్నరకి తాళంచెవి ఇంచుమించు అడ్డంగా లేచి నిలబడింది. ఎదురుగా ఒక పట్నం, సినిమా హాలు పక్కన ఖాళీ స్థలం, పందిరి, జనం. రిబ్బను కట్టిన ఎర్ర కారు. వేదిక మీద కోటు, చేతిలో మైకు.

"పేదవాడైనా, పెద్దవాడైనా, మాకు తేడా లేదు! ఏ తాళంచెవితో ఈ కారు స్టార్ట్ అవుతుందో, ఆ తాళంచెవి తెచ్చినవారిదే కారు!"

"నా దగ్గర ఒకటుంది సార్," అన్నాడు అన్నయ్య, జనంలోంచి.

కోటుబాబు అతన్ని గుర్తుపట్టలేదు. కవర్లు పంపేవాడికి మొహాలు ఎందుకు గుర్తుంటాయి? "ఇంకా కూపన్లే పంచలేదు బాబూ!" అని నవ్వాడు. జనం కూడా నవ్వారు.

పిన్ని మడత విప్పిన కూపన్ ఎత్తి పట్టుకుంది. "కూపన్ ఇదిగో నాయనా, నీదే. వెనక నీ మాటే ఉంది. ఏ తాళంచెవైనా అన్నావు గానీ ఎప్పటిదో అనలేదే!"

"చూడనివ్వండి!" అని అరిచారు ముందు వరసవాళ్ళు. "అతనిదీ చూద్దాం!"

తన దగ్గరున్నది తప్ప వేరేది పనిచేయదని కోటుబాబుకి గట్టి నమ్మకం. పదిమంది ముందు ఒకడు ఓడితే మిగతావాళ్ళకి ఆశ పెరుగుతుందని కూడా తెలుసు. "రండి, రండి!" అని చెయ్యి చాపాడు.

అన్నయ్య తలుపు తీసి కూర్చున్నాడు. తాళంచెవి పెట్టి తిప్పాడు. ఇంజన్ ఒక్కసారిగా గుర్రుమంది.

చప్పట్లు మారుమోగాయి. కోటుబాబు మొహంలో రంగు మారింది గానీ ఘటికుడు, వెంటనే సర్దుకున్నాడు. "చూశారా అదృష్టం! మన పోటీ నిజమని ఇప్పటికైనా..."

"నాదీ చూడండి," అంది గడ్డిలో కూర్చుని ఏడ్చిన పెద్దావిడ. అన్నయ్య ఇంజన్ ఆపి దిగాడు, ఆవిడకి చెయ్యి అందించి కూర్చోబెట్టాడు. ఆవిడ జన్మలో కారు ముట్టుకోలేదు. తిప్పింది. గుర్రుమంది.

ఈసారి చప్పట్లు సగమే. మూడోవాడు తిప్పాడు, నాలుగోవాడు తిప్పాడు. ప్రతిసారీ ఇంజన్ మేల్కొంది, ప్రతిసారీ కోటుబాబు ఒక అడుగు వెనక్కి వేశాడు. "చాలు, చాలు, ఇదేదో..." అన్నాడు. మైకు ఇంకా నోటి దగ్గరే ఉండటంతో ఆ 'చాలు' ఊరంతా వినపడింది. పదకొండోది స్టార్ట్ అయ్యేసరికి జనం చప్పట్లు మానేసి వేదిక చుట్టూ చేరారు. పిన్ని బుట్ట తెచ్చి వేదిక అంచున గుమ్మరించింది. నూట ఎనభై ఇత్తడి తాళంచెవులు గలగలా దొర్లి, ఒక్కసారిగా తలలన్నీ కారు వైపు తిప్పుకుని పడుకున్నాయి.

"ఇవన్నీ గెలిచినవే నాయనా," అంది పిన్ని. "ఎన్ని కార్లిస్తావు?"

చివర అక్క ముందుకొచ్చింది. ఆమెని కోటుబాబు గుర్తుపట్టాడు. తను బేరమాడకుండా కూలి ఇచ్చిన ఒకే ఒక మనిషి కదా.

"నువ్వా..."

"లోతుగా కోయొద్దన్నారు కదండీ," అంది అక్క. మైకు ఆ మాటనీ ఊరంతా చెప్పింది. "మిగిలిందంతా నేను కోశాను."

కోటుబాబు అటూ ఇటూ చూశాడు. ఏ పక్క చూసినా తాళంచెవి పట్టుకున్న చెయ్యే. అప్పుడు అన్నయ్య కారు వెనక తలుపు తీసి, డాక్టరుగారికి తీసినట్టే వంగి నిలబడ్డాడు.

"ఎక్కండి సార్. ఇరవై రెండేళ్ళు ఎవరెక్కడ దించమంటే అక్కడ దించాను. ఇవాళ ఎక్కడో నేను చూసుకుంటాను."

కోటుబాబు ఎక్కాడు. పక్కన ఇన్‌స్పెక్టర్ సర్దుకుని కూర్చున్నాడు.

కోటుబాబు పెట్టెలో దొరికినంత డబ్బు దొరికింది. కట్టినదాంట్లో మూడో వంతు కూడా రాలేదు. అన్నయ్య తన వాటా తీసుకుని, లెక్క చూడకుండా భార్య చేతిలో పెట్టాడు. తాళంచెవులన్నీ సాక్ష్యం కింద పోలీస్ స్టేషన్ బీరువాలోకి చేరాయి. కేసు తేలేదాకా ఎర్ర కారు స్టేషన్ వెనక రేకుల కింద నిలిచింది. కేసులు ఎప్పటికి తేలతాయో మీకు నేను చెప్పాలా?

ఊరివాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ తాళంచెవులు తెచ్చి గోడకి తగిలించారు. క్షమించమని ఎవరూ అనలేదు, "ఇది కాస్త బిగుసుకుంది, చూడమ్మా" అన్నారు. అన్నయ్య మాత్రం రాలేదు. ఆ రోజు బస్సు దిగి కూడా పిన్నితోనే, "మీ అమ్మాయి జాగ్రత్తగా దిగిందా?" అన్నాడట. ఆమె మీద కోపం అప్పటికి పోయింది. కానీ ఇన్నాళ్ళ మౌనాన్ని ఏ మాటతో తెరవాలో తెలీని మనిషి.

అయిదు నెలలకి కోటుబాబు బెయిల్ మీద బయటికొచ్చాడు. వచ్చినవాడు తిన్నగా తాళాల దుకాణం ముందుకొచ్చి నిలబడ్డాడు. కోటు అదే, ఇస్త్రీ లేదు.

"నా బతుకు బుగ్గి చేశావు కదా," అన్నాడు.

అక్క తలెత్తి చూసింది. ఛాతీలో ఆ ఇత్తడి ముద్ద ఇంకా చల్లారలేదని అప్పుడే ఆమెకి తెలిసింది. లేచి, ఆరో వరసలోంచి డూప్లికేట్ తీసి, గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టింది.

"మీదేనండీ. ఆ రోజు తీసుకెళ్ళలేదు. కూలి ముందే ఇచ్చారు, మీ వస్తువు నేనెందుకు ఉంచుకోవాలి?"

కోటుబాబు ఆమె మొహం చూశాడు, తాళంచెవి చూశాడు. అసలుది పోలీసుల దగ్గరుంది. ఇది పనిచేస్తుంది. ఒక రోజు ఎవరూ చూడకుండా రేకుల కింద కారు తీసుకుని ఉడాయిస్తే అడిగేదెవరు? ఆ ఆలోచన మొహం మీదే కనిపించింది. తాళంచెవిని కోటు జేబులో, గుండె మీద పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు.

"తిక్కదానివి," అన్నాడు.

"మంచిదండీ, వెళ్ళిరండి," అంది అక్క.

ఆ రోజు అతను బస్టాండుకని బయల్దేరి స్టేషన్ గేటు ముందు తేలాడు. "మీరే వచ్చారా? మంచిపని చేశారు. ఇంకో ఊరి నుంచి కాగితం వచ్చింది, కూర్చోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. మర్నాడు క్షవరానికని బయల్దేరాడు, స్టేషన్ గేటు. ఆ మర్నాడు వకీలు ఇంటికని, స్టేషన్ గేటు. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక పాత ఫిర్యాదు బయటపడేది, సంతకం పెట్టేవాడు. జేబులోది తీసి పారేస్తే అయిపోయేది. కానీ అది కారు తాళంచెవి! ఎలా పారేస్తాడు?

ఒక పొద్దున ఎనిమిదింటికి అక్క షట్టర్ తోసి గోడ వైపు తిరిగేసరికి వెనక బల్ల కిర్రుమంది. అన్నయ్య తన పాత చోట కూర్చుని ఉన్నాడు, పళ్ళ డాక్టరుగారి తాళంచెవి ముందు పెట్టుకుని. ఏడో వరస చివరికి చూస్తున్నాడు.

"ఖాళీగానే ఉంచావా?"

"నీదన్నావుగా."

అన్నయ్య ముందున్న తాళంచెవిని ఒకసారి తిప్పి పెట్టాడు. తర్వాత, "పిన్ని ఏదో టీపొడి కంపెనీ పోటీ అంటోంది. ఈసారి కూపన్ ఆవిడకి చూపించాకే వేస్తాలే," అన్నాడు. "టీ చెప్పు చెల్లాయ్."

అంతలో వీధిలో కోటు కనిపించింది. చేతిలో సంచి, గబగబా నడక. కోటు గుండె జేబు దగ్గర ఎవరో చెయ్యి పట్టి లాగుతున్నట్టు ముందుకి సాగి ఉంది.

"ఎక్కడికి సార్ పొద్దున్నే?" అన్నాడు అన్నయ్య, గొంతు పెంచి.

"బస్టాండుకి! ఈ ఊరి మొహం మళ్ళీ చూడను!"

మలుపులో బస్టాండు ఎడమ పక్క, స్టేషన్ కుడి పక్క. కోటుబాబు అటే చూస్తూ కుడి పక్కకి తిరిగాడు.